పక్కన మాట్లాడకూడదు

"ఎవడైనా ఒక్క తన్ను తన్నాడంటే ఈ గొళ్ళెం ఊడి చేతికొస్తుంది," అంది ఆవిడ, తలుపును ముందుకూ వెనక్కూ ఆడిస్తూ. "ఒంటరి ఆడపిల్ల ఇందులో ఎలా ఉంటుంది?"

"కింద వాచ్‌మన్ ఉంటాడండీ," అంది ఇల్లు చూపిస్తున్న బ్రోకరు పిల్ల.

"వాడు నిద్రపోతే?"

కిటికీ దగ్గర నిలబడ్డ బ్రోకరు ఆఫీసు మేనేజరు నవ్వాడు. "మీరు చూస్తున్నది అద్దె ఇల్లా, కోటా?"

ఆవిడకు నవ్వు రాలేదు. ఈ పెద్దమనిషి వెంట తగులుకుంటాడని అనుకోలేదు. కొత్త బ్రోకర్లు పార్టీలతో పక్కన మాట్లాడుకుని కమీషన్ మింగేస్తున్నారట. అందుకని వాళ్ళను పార్టీలతో విడిగా వదలడట. పనివేళల్లో సొంతవాళ్ళ ఫోను కూడా ఎత్తనివ్వడట. ఆవిడేమో చీకటి పడేలోగా బస్సు దిగి ఇంట్లో ఉండాలి.

"మీ అమ్మాయి ఏం చేస్తుంది?" అడిగాడతను.

"ఏదో ఉద్యోగం. ఈ ఊరి ఖర్చులకు చాలదేమోనని నా బెంగ." ఆవిడ పిల్లవైపు తిరిగింది. "నీకు జీతం ఎంతమ్మా?"

"జీతం ఉండదండీ. ఇల్లు కుదిరితే కమీషన్."

"కుదరకపోతే?"

పిల్ల తాళాల గుత్తి సర్దుకుంది. "కుదురుతుందండీ."

"మరి తిండీ?"

"తింటానండీ. గదిలో నలుగురం ఉంటాం. అద్దె కలిసొస్తుంది."

నలుగురు! ఎలాంటివాళ్ళో, ఏ రోగాలున్నవాళ్ళో. ఆవిడ పిల్ల దగ్గరికి జరిగింది. "మా ఊళ్ళో ఆ అద్దెకు మేడంతా ఇచ్చేస్తారు. ఈ పనేదో అలాంటి చోట చేసుకోవచ్చుగా?"

"ఇళ్ళు చవకైతే మా కమీషనూ చవకేనండీ," అన్నాడు మేనేజరు. "అక్కడ ఏడాదంతా తిరిగినా వచ్చేది ఇక్కడ రెండిళ్ళతో వచ్చేస్తుంది. వచ్చినదాన్ని ఇంటివాడు లాక్కుంటాడనుకోండి, అది వేరే సంగతి. మరి మీ అమ్మాయిని మీ ఊళ్ళోనే ఉంచుకోలేకపోయారా?"

"వాళ్ళ నాన్న గడప తొక్కనివ్వనన్నారు. ఆయన పట్టు పడితే అంతే."

పిల్ల కిటికీ రెక్క మూసి, మళ్ళీ తెరిచింది.

ఆవిడ పైకి చూసింది. "నీళ్ళ ట్యాంకుకు మూత ఉందా? పావురాలు పడి చస్తే ఆ నీళ్ళే తాగాలి. ఎక్కిన మెట్లకే నా మోకాళ్ళు పట్టేశాయి. మీరు ఒక్కసారి చూసి రండి బాబూ. మూత ఉంటేనే మిగతా మాటలు."

"ఇన్నేళ్ళలో పావురాల గురించి అడిగిన పార్టీ మీరొక్కరే!" గొణుక్కుంటూ మేనేజరు డాబా మెట్లెక్కాడు.

అడుగుల చప్పుడు పైకి వెళ్ళిపోయేదాకా ఇద్దరూ కదల్లేదు. అప్పుడు పిల్ల గొంతు తగ్గించి అడిగింది.

"నాన్నకి తెలియకుండా వచ్చావా అమ్మా?"