వినిపించేంత దూరం

“ఈడ పండకు సారూ. జర పైకి జరుగు,” అన్నాడు చేపలు పట్టే లింగయ్య.

లక్ష్మీనారాయణ వినిపించుకోలేదు. ఏటి ఒడ్డున ఇసుకలో కూర్చుని నీలం టెంటుతో కుస్తీ పడుతున్నాడు. ఒక కడ్డీ దూరిస్తే ఇంకోటి ఊడుతోంది. జన్మలో టెంటు మొహం చూసిన మనిషి కాదు. అరవై దగ్గర పడ్డాక మొదలుపెట్టాడు. చూసేవాళ్ళకు నవ్వు రావలసిందే. లింగయ్యకు రాలేదు.

“నిరుడు గిట్లనే ఒక పిలగాడు వచ్చిండు. గిసొంటి టెంటే. గీ జాగలనే,” అన్నాడు.

లక్ష్మీనారాయణ చేతులు ఆగిపోయాయి. జేబులోంచి ఒక పేపరు కటింగు తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. అందులో శ్యామ్ అనే కుర్రాడు నవ్వుతున్నాడు.

“ఈ అబ్బాయేనా?”

“అయ్యో, గితడే!” లింగయ్య కటింగు మీదికి వంగాడు. “కొడుకా సారూ?”

లక్ష్మీనారాయణ కటింగు మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. లింగయ్య ఇక అడగలేదు. వచ్చి కడ్డీకి అటు చివర పట్టుకున్నాడు.

“ఒక్కడే ఎందుకొచ్చాడో నీతో చెప్పాడా?”

“చుక్కలు చూస్తందుకట. అమాసనాడు మంచిగ కనవడ్తయట. మేము అమాసనాడు ఏట్ల కాలు వెట్టం, వల వెయ్యం. ఊరోళ్ళు ఎవ్వరు రారు, ఒక్కనివే అయితవు బిడ్డా అన్న. నాకు గదే కావాలె తాతా అని నవ్విండు. హైటెక్ సిటీల గుండ్రంగ ఒక బిల్డింగు కడుతుండ్రట. అండ్ల ఆఫీసుల తనకో కుర్చీ ఇస్తరట. అమ్మను తోల్కపోయి చూపిస్తడట. ఒక్క పూటల ఎంత ముచ్చట చెప్పిండో.”

ఆ బిల్డింగు పూర్తయింది. లక్ష్మీనారాయణ పొద్దున బస్సులోంచి చూశాడు. దానికి ముందు కొత్తగూడలో దిగి, శ్యామ్ అద్దెకున్న గది ఎదుట కాసేపు నిలబడ్డాడు. ఏడాదిలో ఎన్నిసార్లు అలా నిలబడ్డాడో లెక్కలేదు. తలుపు తట్టే ధైర్యం ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు అందులో వేరెవరో ఉంటున్నారు.

కూకట్‌పల్లిలో బయల్దేరేటప్పుడు కూతురు ఉమాశ్రీ గుమ్మంలో ఏడ్చింది. “మీరిలా అన్నం మానేసి తిరిగితే పోయినవాడు తిరిగొస్తాడా నాన్నా?”

నాలుగేళ్ళ మనవరాలు చేతులు చాపి మీదికి రాబోతే ఆయన పక్కకు తప్పుకున్నాడు. అంతకుముందు ఆ పిల్ల ఆయన భుజం దిగేది కాదు. ఏడాదిగా ఒక్కసారి ఎత్తుకోలేదు.

ఆయన వచ్చింది ఒక్క సంగతి తేల్చుకోవడానికి. ఇక్కడికి ఐదు కిలోమీటర్ల ఎగువన ఆనకట్ట ఉంది. గేట్లు ఎత్తేముందు మూడుసార్లు సైరన్ మోగించాలి. నిరుడు ఆ అమావాస్య రాత్రి గేట్లు ఎత్తారు, సైరన్ మోగలేదు. అరగంటలో నీళ్ళు ఇక్కడికి వచ్చి శ్యామ్‌ను తీసుకుపోయాయి. తర్వాత విచారణ జరిగింది. రిపోర్టు చివర ఒక వాక్యం రాశారు: ‘మోగించినా అంత దూరం వినిపించదు.’ ఫైలు మూసేశారు.

ఆ వాక్యం నిజమైతే బాగుండునని లక్ష్మీనారాయణ ఆశ. నిజమైతే, ఆ అబ్బాయి ఎలాగూ దక్కేవాడు కాదు. ఆ ఒక్క మాటను పట్టుకునే ఏడాదిపాటు బతికాడు.

ఎగువన మూడురోజులుగా వానలు. ఈ రాత్రి గేట్లు ఎత్తక తప్పదని ఆయనకు తెలుసు.

“సైరన్ ఇక్కడికి వినిపిస్తుందా లింగయ్యా?”

“మీద మా ఇంటికాడ వినవడ్తది. ఒడ్డు కింద ఎట్లుంటదో, ఎన్నడు పండి చూడలే.”

“నేను చూస్తాను.”

“వినవడకుంటే?”

“వినపడకపోతే మంచిదే.”

లింగయ్యకు ఆ మాట నచ్చలేదు. ఇంటికి పోకుండా గట్టుమీదే గొంగడి పరుచుకున్నాడు.

ఇక్కడ ఆకాశం తెరిపిగా ఉంది. లక్ష్మీనారాయణ టెంటు గుమ్మంలో తల పెట్టి పడుకున్నాడు. ఇన్నేళ్ళు ఎన్నో రాత్రులు మేలుకున్నాడుగానీ ఎప్పుడూ తలెత్తి చూడలేదు. ఇన్ని చుక్కలుంటాయని తెలియదు. కుర్రాడు చూసినవి ఇవే.

రెండు గంటలప్పుడు సైరన్ మోగింది.

సన్నగా కాదు. చెవి పక్కనే ఉన్నట్టు మోగింది. ఒకసారి. ఆగి, రెండోసారి. మళ్ళీ మూడోసారి. ఎంత మొద్దునిద్ర పోయేవాడైనా లేచి కూర్చుంటాడు. టెంటు విప్పుకుని, సంచీ సర్దుకుని, చెప్పులు వెతుక్కుని కూడా గట్టెక్కవచ్చు. అంత వ్యవధి ఉంది.

లక్ష్మీనారాయణ కదల్లేదు. లింగయ్య పరుగున వచ్చి, రెక్క పట్టుకుని పైకి లాక్కుపోయాడు. వాళ్ళు గట్టెక్కిన చాలాసేపటికి నీళ్ళు వచ్చాయి. నీలం టెంటు ఒక్కసారి పైకి లేచి, చీకట్లో కొట్టుకుపోయింది.

లక్ష్మీనారాయణ నేలమీద కూలబడి భోరుమన్నాడు. లింగయ్యకూ ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని వీపు నిమిరాడు.

“ఏడువు సారూ, కడుపునిండ ఏడువు. గీ మోత నిరుడు మోగుంటే నీ కొడుకు బతికేటోడు. ఏ పాపిష్టోడు ఊకున్నడో!”

లక్ష్మీనారాయణ ఆ చేతిని తన వీపుమీద నుంచి తీసేశాడు.

“శ్యామ్ నాకేమీ కాడు లింగయ్యా, ఆ రాత్రి గేట్లెత్తింది నేనే, మూడురోజుల జ్వరంతో ఏడ్చి ఏడ్చి మా మనవరాలు ఆనకట్ట పక్కనే ఉన్న క్వార్టర్స్‌లో అప్పుడే నిద్రపోయిందని, అమావాస్యనాడు ఏట్లో ఎవరుంటారులే అని, సైరన్ మోగించలేదు.”