గోడవైపు తిరిగిన పలక

ప్యాడ్ చెంపమీద తగిలింది. మెత్తగానే తగిలింది కానీ మినేతాకు ఒళ్లు మండింది.

"మళ్లీ ఎడమ చెయ్యి దించావు," అన్నాడు షియోమి.

"నువ్వు ప్యాడ్లు పట్టు పెద్దాయనా. పాఠాలొద్దు."

తన్నులు కాచుకునే ఆ మెత్తటి ప్యాడ్లు షియోమి మళ్లీ ఎత్తాడు.

పగలంతా ఇళ్లు మారేవాళ్ల బీరువాలు మోసి, సాయంత్రం అమగసాకి ఊళ్లోని ఈ కిక్‌బాక్సింగ్ జిమ్‌కు వస్తాడాయన. నూటపది కిలోల మినేతా తన్నితే కదలకుండా నిలబడే మనిషి చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

జిమ్ గోడకు వరసగా కొయ్య పలకలు వేలాడుతుంటాయి, ఆటగాడికొకటి. రింగులో ఏ పేరు పెట్టుకున్నా పలకమీద సొంత పేరే రాయాలి.

మొదటి పలక మాత్రం గోడవైపు తిరిగి ఉంటుంది. జిమ్ నడిపిన తండ్రి పోయాక కూతురు ముత్సుకో దాన్ని చేతికి తీసుకునేసరికే పలక అలా ఉంది. చనిపోయినవాళ్ల పలక తిప్పడం ఆనవాయితీ కనక ఎవరూ ఏమీ అడగలేదు, ముట్టుకోలేదు.

అది తైగా పలక. రింగులో ఆయన పేరు అదే. ఈ జిమ్ తొలి హెవీవెయిట్. ఆ బరువువాళ్లు దేశంలో దొరక్క, తనకంటే తలెత్తు పొడవున్న విదేశీయులతోనే ముప్ఫైఒక్క పోటీలు ఆడాడు. పంతొమ్మిది ఓడాడు. విరిగిన కాలితో ఐదు రౌండ్లూ నిలబడ్డ పోటీ కూడా ఓడిందే. దాని పోస్టరు ఎండకు వెలిసి ముఖం చెరిగిపోయింది.

మినేతాకు దేవుడంటే తైగాయే.

సాధన ముగిశాక అందరూ మోకాళ్లమీద కూర్చుని ఆ పలకకు వంగి దణ్ణం పెడతారు. షియోమి వెనకాల నిలబడి నేల తుడుచుకుంటుంటాడు.

టైటిల్ పోటీకి నెల ఉందనగా మినేతా ఇక ఆగలేకపోయాడు.

"అందరం దణ్ణం పెడుతుంటే నీకేం నొప్పి?"

"నేను పెడితే బాగుండదు బాబూ."

"ఆయనెవరో తెలుసా అసలు?"

"బోలెడుసార్లు ఓడిపోయినాయన."

"చచ్చిపోయిన మనిషిని పట్టుకుని అంత మాటంటావా?"

"రింగ్ దిగిపోయాక ఉన్నా లేనట్టేగా," అని షియోమి తుడుపుగుడ్డ పిండాడు.

మినేతా నేరుగా ముత్సుకో దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, ఆయన ఉంటే నేనుండను. తేల్చు."

ఆమెకున్నది ఒక్క హెవీవెయిట్. తేల్చడానికేం లేదు.

షియోమి ప్యాడ్లు శుభ్రంగా తుడిచి కొక్కేనికి తగిలించాడు. ఆమెకు వంగి నమస్కరించాడు.

"ఎడమ చెయ్యి జాగ్రత్త," అని మినేతాతో చెప్పి వెళ్లిపోయాడు.

ప్యాడ్లు పట్టడానికి కొత్తవాడు వచ్చాడు. చెంపమీద ఒక్కసారీ కొట్టలేదు. తన్నిన ప్రతిసారీ "అదిరింది అన్నా" అనేవాడు.

టైటిల్ పోటీ మూడో రౌండులో మినేతా కుడికాలితో తన్నాడు. ఎడమ చెయ్యి దిగింది. మళ్లీ కళ్లు తెరిచేసరికి పైకప్పు దీపాలు కనిపించాయి.

రెండు నెలలు మొహం మాడ్చుకుని తిరిగి, చివరికి సామాన్లు మోసే కంపెనీకి వెళ్లాడు. షియోమిని వెనక్కి పిలుచుకురావాలి. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకోడానికి సిద్ధపడే వెళ్లాడు.

"షియోమి గారా? సొంతూరు వెళ్లిపోయారండీ," అన్నాడు గుమాస్తా. "పోయిన వారం కన్నుమూశారని కబురొచ్చింది."

మినేతాకు చాలా బాధేసింది. చెప్పాల్సిన మాట చెప్పకుండానే జిమ్‌కు తిరిగొచ్చాడు.

ఆ సాయంత్రం చిన్న భూకంపం వచ్చింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గోడమీది పలకలు నాలుగైదు రాలాయి, వాటిలో మొదటిదీ ఉంది.

మినేతా దాన్ని రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకున్నాడు. మేకుకు తగిలించబోతూ, తన దేవుడి సొంత పేరేమిటో ఒక్కసారి చూద్దామని వెలుతురులోకి తిప్పాడు.

షియోమి తోకుజిరో అని రాసి ఉంది.