కుక్కర్ కూత లేని రోజు

పురిటికి వచ్చిన మా తన్వి చేతికి పరీక్షగాజు ఉంది. ఇప్పుడు కడుపుతో ఉన్న ప్రతి పిల్లకీ అదే తొడుగుతున్నారు. లోపలి బిడ్డకి ఏ జబ్బున్నా చెమటలోంచే పసిగట్టేస్తుంది. బిడ్డ కదిలితే, తల్లికి తెలిసేలోపే ఆకుపచ్చగా వెలుగుతుంది.

"మీ రోజుల్లో ఎలా తెలిసేదమ్మా?" అంది తన్వి గోంగూర ఒలుస్తూ.

"పొట్టలోకి సూది దించి ఉమ్మనీరు తీసేవాళ్లే. అరుదుగానైనా కడుపు పోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నాకూ తీశారు. ఆ మర్నాడు నీ కదలిక తెలియలేదు. కూతకి బిడ్డ ఉలిక్కిపడుతుందని మీ నాన్నమ్మ కుక్కర్‌ని అటకెక్కించి, గిన్నెలో అన్నం వార్చింది. మీ నాన్నయితే ఇంట్లో పిల్లిలా నడిచారు. కూతకి కడుపు పోతుందా, పిచ్చి కాకపోతే! కానీ నువ్వు తన్నావని నేను అరవగానే, ఇంటిల్లిపాదీ వచ్చి నా పొట్ట మీద చేతులేశారు."

తన్వి గోంగూర పక్కన పెట్టింది. గాజు తీసి బియ్యం డబ్బాలో పడేసింది.

"అమ్మా, ఈ పూట అన్నం గిన్నెలో వార్చవూ?"

వార్చాను. తర్వాత దాని పొట్ట మీద చెయ్యేసి కూర్చున్నాను. ఎంతకీ ఏమీ లేదు. గాజు ఎందుకు తీయనిచ్చానా అని ఆ పాత భయమే మళ్లీ పట్టుకుంది.

చెయ్యి తీయబోతుంటే, అరచేతిలో తన్నింది.

ఆ కబురు గాజుకి ఇంకా తెలియదు.