మర్యాదగా ఓడిన మనిషి

పోటీకి దిగేనాటికి కోంద్రాత్ ల్వోవిచ్ చేతిలో ఉన్న సరుకు కొంచెమే: పేరుకో చిన్న పార్టీ, నెరిసిన పెద్ద గడ్డం, దేశాధ్యక్షుడు సవేల్యెవ్ మాట ఏనాడూ కాదనని నోరు. ఆయనొక్కడే నిలబడితే లోకం నవ్వుతుందని, ఇతణ్ణి ఎదురు నిలబడమన్నారు. మర్యాదగా ఓడిపోతే ఎగువసభలో పెద్ద కుర్చీ. బేరం నచ్చింది. "ఆయన ఉండగా నాకెందుకండీ ఓటు?" అంటూ ఊరూరా ప్రచారం చేశాడు. చివరికి మాస్కోలో అధ్యక్షుడి వెనకే వరసలో నిలబడి, టీవీవాళ్ళకు చూపించి మరీ ఆయనకే ఓటేశాడు.

మర్నాడు పొద్దున్నే అధ్యక్షుడి కార్యాలయం నుంచి ప్లతోన్ ఫోను చేశాడు.

"దేశమంతటా బాగానే ఓడిపోయారు, కోంద్రాత్ ల్వోవిచ్ గారూ. కానీ మీ పోలింగ్ కేంద్రంలో ఎవరో మీకు ఓటేశారు."

"ఎంతమంది?"

"ఒక్కరే. మిగతావన్నీ ఆయనకే. మీకు లోపల ఆశ ఉందని ఇక్కడ గుసగుసలు మొదలయ్యాయి. కుర్చీ సంగతి సాయంత్రం తేలుస్తారట."

"నేను కాదండీ బాబూ! టీవీలో చూశారుగా!"

"మరి మీ ఇంట్లోవాళ్ళు?"

భార్య తయీసియా కిటికీ దగ్గర గ్లాసుల్లో పెంచుతున్న టమాటా నారుకు నీళ్ళు పోస్తోంది.

"నాకు ఓటేశావా?" అని మీదికెళ్ళాడు.

"నీకా? ఇరవై ఏళ్ళుగా ఇంట్లో నీ పాలన చూస్తూనే ఉన్నాగా! ఆయనకే వేశాను. ఆయనైతే ఇంటికొచ్చి భోజనానికి వంకలు పెట్టడు."

అతను నమ్మాడు. కానీ నమ్మకంతో పనేముంది? సాయంత్రంలోగా ఎవరో ఒకరి పేరు చెప్పాలి. కుర్చీ ఒక పక్క, పెళ్ళాం ఒక పక్క పెట్టి తూచాడు. ఫోను తీశాడు.

"ఆవిడే ప్లతోన్ గారూ. అలాంటి మనిషితో ఇక కాపురం చెయ్యను. విడాకులిస్తున్నాను."

తయీసియా అంతా విన్నది. నారు గ్లాసులు ఒక్కొక్కటే పెట్టెలో సర్దుకుంది.

"నీకు నేను ఓటేసింది ఒక్కసారే," అంది గుమ్మం దగ్గర, "పెళ్ళినాడు."

కోస్త్రోమాలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోయింది.

కుర్చీ వచ్చింది. ప్రమాణ స్వీకారం నాడు అధ్యక్షుడు అతణ్ణి పక్కకు పిలిచి, గ్లాసు చేతికిచ్చాడు.

"తయీసియా రాలేదేం?"

"వదిలేశానండీ, మీ కోసమే. ఆ రోజు మన కేంద్రంలో నాకు పడిన ఒక్క ఓటు ఆవిడదే."

అధ్యక్షుడి గ్లాసు పెదవి దాకా వెళ్ళి ఆగిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎదురు నిలబడ్డవాడికి ఒక్కటైనా పడకపోతే ఏం బాగుంటుందయ్యా? ఆ ఓటు నేనేశాను."