ఏడు సెంటీమీటర్ల హాయి

డాక్టరమ్మ కొత్త మందు పరీక్షలో చేరినవాళ్లు, బిళ్ల మింగాక ఎంత హాయిగా ఉందో రోజూ పది సెంటీమీటర్ల గీత మీద గుర్తు పెట్టాలి. ఎడమ కొసన "ఏమీ లేదు", కుడి కొసన "మహా హాయి" అని రాసి ఉన్నాయి.

వాళ్లలో ఒకడైన దర్జీ మొదటి రోజు రెండు దగ్గర పెట్టాడు.

"బాగా ఆలోచించే పెట్టారా?" అంది డాక్టరమ్మ, మొహం చిన్నబుచ్చుకుని.

మర్నాడు నాలుగు. వారం తిరిగేసరికి ఏడు. డాక్టరమ్మ స్కేలుతో కొలిచి, "మూడేళ్ల నా కష్టం ఫలించింది!" అని పొంగిపోయింది.

ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి ఉత్త పిండిబిళ్ల ఇచ్చారో రాసి, తనకూ తెలియకుండా అంటించి ఉంచిన కవరును చివరి రోజున విప్పింది. దర్జీది పిండిబిళ్ల.

"మరి ఏడెందుకు పెట్టారండీ?"

"రెండు పెడితే మీరు చిన్నబోయారు. నాలుగు పెడితే నవ్వారు. కొట్లో అయినా అంతేనమ్మా, ఎదుటి మనిషి మొహం చూసే కదా కుట్టు కుదిరిందో లేదో తెలిసేది!"

డాక్టరమ్మ ఊపిరి కూడదీసుకుంది.

"పోనీలెండి. అసలు మందు మింగిన ఇరవై మందీ ఏడే పెట్టారు. అదైనా నిజమే కదా."

దర్జీ మొహమాటంగా నవ్వాడు.

"వాళ్లకి చెప్పింది నేనేనమ్మా. పాపం, డాక్టరమ్మ బాధపడుతుంది, ఏడుకి తగ్గకండని."