రాజీ మాట

“ఫిర్యాదు వెనక్కి తీసుకోమని మీ అమ్మాయికి మీరే చెప్పాలమ్మా,” అన్నారు డిపార్ట్‌మెంట్ హెడ్ లక్ష్మీప్రసాద్ గారు, టీ కప్పు సవరమ్మ ముందుకు జరుపుతూ.

అమ్మ కుర్చీ వెనక జీవిత బిగుసుకుపోయి నిలబడింది. యూనివర్సిటీ నుంచి బాటనీ ఎమ్మెస్సీ క్లాసంతా హెడ్ గారితో కలిసి మొక్కలు చూడ్డానికి అరకు వచ్చి ఈ గెస్ట్‌హౌస్‌లో దిగింది. నిన్న కొండ మీద లెక్చరర్ జగదీష్ ఆకు చూపించే నెపంతో జీవిత నడుము మీద చెయ్యి వేశాడు. “ప్రాక్టికల్ మార్కులు నా చేతిలో ఉన్నాయి. సాయంత్రం గదికి ఒక్కదానివే రా,” అన్నాడు. జీవిత తిన్నగా హెడ్ గారి దగ్గరికి వెళ్లి ఫిర్యాదు రాసిచ్చింది. ఆయన వెంటనే జి.మాడుగుల దగ్గరి పల్లెకు ఫోన్ చేసి ఆమె తల్లిని రమ్మన్నారు.

జగదీష్ కిటికీ పక్కన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

“యూనివర్సిటీ ఫిర్యాదుల కమిటీకి పంపితే నలుగురికీ తెలుస్తుంది. పెళ్లి కావలసిన పిల్ల. పైగా ఒక్క పిల్ల మాట ఎవరు నమ్ముతారు చెప్పండి?” అన్నారు హెడ్ గారు.

సవరమ్మ ఊదుకుంటూ టీ తాగింది. కోపం లేదు, కంగారు లేదు. ఆదివారం ప్రార్థనయ్యాక చర్చి అరుగు మీద కూర్చున్నంత నిమ్మళంగా ఉంది.

“అమ్మా, ఏదో ఒకటి అనవే,” గొణిగింది జీవిత.

“సార్ సెప్పింది నిజిమేనే గుంటా. ఒక్కదాని మాట ఎవుడు నమ్ముతాడు? ఆ కాయితం ఎనక్కి తీసుకో.”

అమ్మ వస్తే చాలని జీవిత రాత్రంతా కళ్లలో ఒత్తులేసుకుని కూర్చుంది. ఆ అమ్మే ఇలా అనేసింది.

జగదీష్ ఫోన్ జేబులో పెట్టుకుని చిన్నగా నవ్వాడు. హెడ్ గారు ఫైల్లోంచి కాగితం తీసి గబగబా జీవిత చేతికిచ్చారు.

సవరమ్మ కొంగుతో మూతి తుడుచుకుని లేచి తలుపు తీసింది. వరండాలో క్లాసు అమ్మాయిలంతా ఉన్నారు. ముందున్న డాలీ లోపలికొచ్చి, నవ్వుతూ జీవిత భుజం మీద చెయ్యి వేసింది.

“లోపలికొచ్చే ముందు బస్సు కాడ ఈ గుంటల్తో మాటాడినాను సార్. ఈడు అందరి దగ్గరా అదే ఏసం ఏసినాడంట,” అంది సవరమ్మ, డాలీ చేతిలోని కాగితం చూపిస్తూ. “ఒక్కదాని కాయితం మీకొద్దు కదా, అందరూ కలిసి కొత్తది రాసీసినారు. తీసుకోండి.”