బరువు తగ్గించుకున్నవాళ్ళు

హార్లన్ టూత్ బ్రష్ పిడిని సగానికి కోసేశాడు.

"పళ్ళు కూడా సగమే తోముతావా ఏమిటి?" అంది వెర్నా.

"నవ్వు, నవ్వు. ఎడారిలో భుజాలు నొప్పెట్టినప్పుడు నన్నే తలుచుకుంటావు."

చొక్కాల లేబుళ్ళు కత్తిరించాడు. మేజోళ్ళు వంటింటి త్రాసులో పెట్టి తూచాడు. ఆమె దువ్వెన మీద కూడా కన్నేస్తే, వెర్నా లాక్కుని జేబులో దాచేసుకుంది.

న్యూమెక్సికో ఎడారిలో, దేశ సరిహద్దు కంచె దగ్గర మొదలుపెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి నడవాలని అతనికి పెళ్ళికి ముందునుంచీ కోరిక. ఇనుప సామాన్ల కొట్టు అమ్మేశాక గానీ తీరిక దొరకలేదు. తీరిక దొరికేసరికి మోకాళ్ళు మొరాయించాయి. వెళ్తే ఈ ఏడే వెళ్ళమని డాక్టరు తేల్చిచెప్పాడు.

"నీళ్ళు మాత్రం ఇంకాస్త పెట్టుకుందాం" అంది వెర్నా.

"నీళ్ళంత బరువు ఇంకోటి లేదే తల్లీ! సాయంత్రానికి దారిలో ఇనప్పెట్టె వస్తుంది. నడిచేవాళ్ళ కోసం ఎవరో మహానుభావుడు అందులో నీళ్ళ డబ్బాలు పెడుతుంటాడు. ఎప్పుడూ ఖాళీ ఉండదట."

"ఉంటే?"

"నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదు కదా!"

తెల్లవారుతుండగా సరిహద్దుకు దింపే ట్రక్కు ఎక్కారు. డ్రైవరు పిల్ల కొత్తగా పనిలో చేరింది. ఊరి చివర ఒక ముసలాయన చెయ్యెత్తితే ఆపి, ఆయన అట్టపెట్టెలు వెనక ఎక్కించింది.

"ఏం పెట్టారు తాతా, రాళ్ళా?" అంది రొప్పుతూ.

ముసలాయన నవ్వాడు. పేరు యుసేబియో అట. కళ్ళు మసకబారాక బండి నడపనివ్వడం లేదట.

దారంతా హార్లన్ తన గొప్పలే చెప్పాడు. టూత్ బ్రష్ సంగతి, లేబుళ్ళ సంగతి, నీళ్ళు ఒక్క పూటకే పెట్టుకున్న సంగతి. ముసలాయన అన్నీ తలూపుతూ విన్నాడు.

మట్టిదారి చీలిన చోట ఆయన ముందుకి వంగాడు.

"అమ్మాయీ, బండి కాస్త ఇటు తిప్పుతావా? పావుగంట పని. సామాను దించి..."

"పావుగంటా!" హార్లన్ గడియారం చూసుకున్నాడు. "ఎండెక్కకముందే మేం నడక మొదలెట్టాలండీ."

"నాకు తెలుసు బాబూ. అందుకే..."

"బండి మాట్లాడుకుంది మేము. ఏమనుకోకండి, ఇక్కడే దిగండి."

డ్రైవరు పిల్ల అద్దంలోంచి వెర్నా వంక చూసింది. పోనీలెండి, తిప్పుదాం అనే మాట వెర్నా నోటిదాకా వచ్చింది. బయల్దేరిన రోజే మొగుడితో గొడవెందుకని మింగేసింది.

"అటునుంచి అటే వేరే ఊరు వెళ్ళాలి తాతా, మళ్ళీ ఇటు రాను" అంది పిల్ల, పెట్టెలు రోడ్డువార దించుతూ.

"ఫరవాలేదమ్మా" అన్నాడాయన. కోపం లేదు. వెర్నాకి అదే ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

కంచె దగ్గర ఫొటో దిగి నడక మొదలెట్టారు.

ఎంత బాగుంది! చల్లటి గాలి, ఎర్రటి నేల, కనుచూపు మేర మనిషి లేడు. హార్లన్ ఈల వేస్తూ కుర్రాడిలా ముందు నడిచాడు. అతన్నలా చూసి ఎన్నేళ్ళయిందో అనుకుని వెర్నా మురిసిపోయింది.

మధ్యాహ్నానికి ఈల ఆగింది. సీసాలు అడుగంటాయి.

పొద్దు వాలుతుండగా, ఒక మట్టిదారి వచ్చి కలిసేచోట ఇనప్పెట్టె కనబడింది. హార్లన్ పరుగులాంటి నడకతో వెళ్ళి మూత ఎత్తాడు.

దించాడు. మళ్ళీ ఎత్తాడు.

దుమ్ము తప్ప ఏం లేదు.

తర్వాతి నీళ్ళకి మరో రోజు నడవాలి. వెనక్కి వెళ్ళినా దారిలో చుక్క దొరకదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

"చెప్పానా?" అనబోయి మొగుడి మొహం చూసి ఊరుకుంది వెర్నా. ఆ మొహంలో భయం కంటే దిగులే ఎక్కువగా ఉంది. ఇక్కణ్ణించి వెనక్కి తిరిగితే ఇంక ఈ జన్మకి నడక లేదని ఇద్దరికీ తెలుసు.

పెట్టె నీడలో చతికిలబడ్డారు. కాసేపటికి అతనికి కళ్ళు తిరగడం మొదలైంది. వెర్నా అతని తల ఒళ్ళో పెట్టుకుని టోపీతో విసిరింది.

మట్టిదారి వైపు నుంచి అడుగుల చప్పుడు వినిపించింది.

యుసేబియో. చెరో చేతిలో ఒక నీళ్ళ డబ్బా. కాలితో నేల తడుముకుంటూ మెల్లగా వస్తున్నాడు.

"ఉన్నారా, అమ్మా?"

"ఇక్కడే... ఇక్కడే ఉన్నాం!" వెర్నాకి ఏడుపొచ్చేసింది.

ఆయన మూత తీసి డబ్బా ఆమె చేతికిచ్చాడు. "గటగటా తాగనివ్వకు. కొంచెం కొంచెం పట్టు."

నీళ్ళు కడుపులో పడ్డాక హార్లన్ లేచి కూర్చున్నాడు. ముసలాయన మొహంలోకి చూడలేకపోయాడు. పొద్దున తనన్న ప్రతి మాటా గుర్తొచ్చి తల కిందికి దిగిపోయింది.

"మీ ఇంటికి తీసుకెళ్తున్న నీళ్ళు మాకు పోసేస్తున్నారు" అన్నాడు చివరికి. "తప్పంతా ఆ పెట్టె చూసుకునేవాడిది. మనుషులు దాన్నే నమ్ముకుని వస్తారని తెలియదూ? ఖాళీగా వదిలేసి ఎక్కడ పడుకున్నాడో, బాధ్యత లేని మనిషి!"

ముసలాయన రెండో డబ్బాను తడుముకుంటూ పెట్టెలో పెట్టి, మూత వేసి, నడుం పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

"నీళ్ళు ఒక్క పూటకే తెచ్చుకున్నామని బండిలో అన్నావుగా బాబూ, అందుకని ముందు మీ ఇద్దరివీ మోసుకొచ్చా, వెనక వచ్చేవాళ్ళవి రేపు తెస్తాలే" అన్నాడు, ఇన్నేళ్ళుగా ఆ పెట్టెను నింపుతున్న మనిషి.